పెట్టె మీది పీఎస్‌ఐ చూసి గాలి కంప్రెసర్ కొనవద్దు

ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగు, బండిలోనే గాలి ఏర్పాటు చేసుకోవడం గురించినవి. ఒకరికి ఇచ్చిన జవాబులో మరొకరికి పనికివచ్చే సంగతులు ఉన్నందువల్ల వాటిని ఒకచోట చేర్చాను. వీటిలో తరచు వచ్చే పీఎస్‌ఐ అనేది గాలి ఒత్తిడిని చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెప్పే కొలత.

ప్రశ్న: నాది నాలుగు చక్రాలూ లాగే డీజిల్ బండి. టైర్లు 265/65 ఆర్ 17 కొలతవి. నెలకొకసారి మిత్రులతో కలిసి తూపిలిపాళెం సముద్రతీరానికో, తలకోన వైపు మట్టిదారులకో వెళుతుంటాను. ఇసుకలో దిగేముందు టైర్లలో గాలిని 18 పీఎస్‌ఐకి తగ్గించి, తిరిగి తారురోడ్డు ఎక్కేటప్పుడు 35కు పెంచుకోవాలి. ఒక దుకాణంలో 150 పీఎస్‌ఐ కంప్రెసర్ చూపించారు. అంతకన్నా చవకగా మరొకచోట 300 పీఎస్‌ఐ అని రాసినది ఉంది. ఏది కొనాలి? గాలి నిల్వ చేసుకునే ట్యాంకు కూడా పెట్టించుకోమంటున్నారు, అవసరమా?
— కొర్లగుంట, తిరుపతి నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ రెండు అంకెలనూ పక్కన పెట్టండి. మీ టైరుకు కావలసింది 35 పీఎస్‌ఐ మాత్రమే. పెట్టె మీద 150 అని ఉన్నా 300 అని ఉన్నా, గాలి బయటికి పోయే దారి మూసివేస్తే ఆ యంత్రం ఎంత ఒత్తిడి వరకు నెట్టుకురాగలదో మాత్రమే అది చెబుతుంది. నిమిషానికి ఎంత గాలి ఇస్తుందో చెప్పదు. పిస్టన్ ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ ఒత్తిడి తేవడం సులభం, సన్నని సైకిలు పంపుతో చక్రాన్ని రాయిలా గట్టిపరచగలిగినట్టే. అదే పంపుతో ట్రాక్టరు టైరు నింపమంటే ఎవరమైనా దండం పెట్టి తప్పుకుంటాం.

మీరు అడగవలసిన ప్రశ్న, 30 పీఎస్‌ఐ ఒత్తిడి మీద ఇది నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి ఇస్తుంది అని. చాలామంది అమ్మకందార్లు గొట్టం ఖాళీగా వదిలినప్పుడు వచ్చే గాలిని, అంటే ఎదురొత్తిడి లేనప్పటి లెక్కను చెబుతారు. అది ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది. కొందరు ఘనపుటడుగులలో చెబుతారు. ఒక ఘనపుటడుగు 28.3 లీటర్లకు సమానం కనుక మార్చుకోవడం కష్టం కాదు.

ఇప్పుడు మీ అవసరం ఎంతో లెక్క వేద్దాం. మీ కొలత టైరు లోపల సుమారు 65 నుంచి 70 లీటర్ల చోటు ఉంటుంది. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ కనుక, టైరులో అంత ఒత్తిడి పెంచాలంటే టైరు నిండా పట్టేంత బయటి గాలిని లోపలికి కూరాలి. 18 నుంచి 35కు అంటే 17 పీఎస్‌ఐ పెంచాలి కాబట్టి ఒక్కొక్క టైరుకు 75 నుంచి 80 లీటర్లు, నాలుగింటికీ కలిపి 300 లీటర్ల పైచిలుకు కావాలి. నిమిషానికి 20 లీటర్లు ఇచ్చే యంత్రానికి ఇది పదిహేను నిమిషాలకు పైబడిన పని; 60 లీటర్లు ఇచ్చేదానికి అయిదు నిమిషాలు. ఒక్కొక్క చక్రం దగ్గరికీ గొట్టం మార్చుకునే సమయం దీనికి అదనం.

పదిహేను నిమిషాలు ఎక్కువేమీ కాదు, చెట్టు నీడన కూర్చుందామని అనిపించవచ్చు. కాని ఇక్కడే అసలు చిక్కు ఉంది. గాలిని నొక్కితే అది వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని 100 పీఎస్‌ఐ వరకు ఒక్క ఊపున నొక్కితే, సిద్ధాంతరీత్యా దాని వేడి 200 డిగ్రీలు దాటిపోతుంది. సిలిండరు లోహం కొంత వేడిని లాగేసుకుంటుంది గాని, ఆ లోహం కూడా మే నెల మధ్యాహ్నం మన ఎండలో చల్లబడడానికి చాలా సమయం పడుతుంది. అందుకే మంచి యంత్రాల మీద డ్యూటీ సైకిల్ అనే అంకె ముద్రిస్తారు. 100 పీఎస్‌ఐ వద్ద 33 శాతం అని ఉంటే, అర గంటలో పది నిమిషాలు నడిపి ఇరవై నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలని అర్థం. 30 పీఎస్‌ఐ దగ్గర శ్రమ తక్కువ కనుక అంతకంటే ఎక్కువసేపు నడపవచ్చు. ఆ అంకె ఎక్కడా ముద్రించని యంత్రాన్ని, ధర ఎంత తక్కువైనా, నేను కొనను. వేడి మితిమీరితే తనంతట తాను ఆగిపోయే థర్మల్ కట్ ఆఫ్ కూడా ఉండి తీరాలి.

మీ వాడకానికి, 30 పీఎస్‌ఐ మీద నిమిషానికి 40 లీటర్లకు తగ్గకుండా గాలి ఇచ్చి, 20 నుంచి 30 ఆంపియర్ల కరెంటు తీసుకునే, నూనె అవసరం లేని పిస్టన్ కంప్రెసర్ చాలు. దానికంటే పెద్దదైన జంట సిలిండర్ల రకం త్వరగా పని ముగిస్తుంది గాని, వైరింగుకు అయ్యే ఖర్చు కూడా దానితోపాటే పెరుగుతుంది. కొనేముందు దుకాణదారుని మరొక్క మాట అడగండి: గాలి వడపోత ఫిల్టరు, పిస్టన్ రింగు విడిగా దొరుకుతాయా? సముద్రతీరపు ఇసుకలో తిరిగే బండికి ఈ రెండూ ఏనాటికైనా మార్చవలసినవే. దొరకవంటే ఆ యంత్రం ఒక్కసారి వాడి పారేసేదన్నమాట.

ఇక ట్యాంకు సంగతి. మీ బండిలో పట్టేది మహా అయితే పది లీటర్ల ట్యాంకు. దానిని 120 పీఎస్‌ఐకి నింపి, 35కు దిగేదాకా మొత్తం టైరులోకి వదిలినా వచ్చే గాలి 58 లీటర్లు. ఒక్క టైరుకే 75 లీటర్లు కావాలని పైన చూశాం కదా. ఆ తరువాత ఖాళీ అయిన ట్యాంకును నింపవలసింది మళ్లీ అదే కంప్రెసర్. గాలితో తిరిగే స్పానర్లు వాడేవారికి ట్యాంకు కావాలి, ఎందుకంటే వాటికి కొద్ది సెకన్లపాటు ఒక్కసారిగా బోలెడంత గాలి కావాలి. టైర్లకు మాత్రమే అయితే అది బండి మోసే బరువు తప్ప మరేమీ కాదు. పైగా ట్యాంకు పెట్టారంటే ఒత్తిడి చూసి మోటారును ఆపే ప్రెషర్ స్విచ్చి, అది పని చేయకపోతే తెరుచుకునే సేఫ్టీ వాల్వు, అడుగున చేరే నీటిని వదలడానికి డ్రెయిన్ కాక్ కూడా పెట్టాలి. తేమ ఎక్కువగా ఉండే తీరప్రాంతపు గాలిని నొక్కినప్పుడు చేరే నీరు తక్కువేమీ కాదు. వదలకపోతే ట్యాంకు లోపలినుంచి తుప్పు పడుతుంది, బయటికి కనిపించదు.

ప్రశ్న: కంప్రెసర్ కొని డిక్కీలో పెట్టించాను. మేస్త్రీ సిగరెట్ లైటర్ సాకెట్ వెనుకనుంచి కరెంటు తీసి ఇచ్చాడు. మొదట రెండుసార్లు ఫ్యూజు పోయింది. పెద్ద ఫ్యూజు వేసిన తరువాత పోవడం లేదు గాని, కంప్రెసర్ నీరసంగా తిరుగుతోంది, డ్యాష్‌బోర్డు దగ్గర ఏదో కాలిన వాసన వస్తోంది. కంప్రెసర్‌లో లోపం ఉందా?
— చంద్రగిరి నుంచి ఒక పాఠకుడు

జవాబు: కంప్రెసర్‌లో లోపం లేదు. లోపం ఉన్నది వైరులో. ఆ పెద్ద ఫ్యూజు దానిని కప్పిపెట్టింది. ఈ పత్రిక చేతిలో ఉండగానే వెళ్లి ఆ ఫ్యూజు తీసివేయండి, మిగతా జవాబు తరువాత చదవవచ్చు.

ఫ్యూజు ఉన్నది మోటారును కాపాడడానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. లైటర్ సాకెట్‌కు కంపెనీవారు లాగిన సన్నని వైరు సాధారణంగా 10 నుంచి 20 ఆంపియర్లకు సరిపోయేది. దాని గుండా 30 ఆంపియర్లు పోతుంటే ఫ్యూజు కాలిపోయి హెచ్చరించింది. ఆ హెచ్చరించే నోరు మూయించి పెద్ద ఫ్యూజు వేసినప్పుడు, ఇక కాలవలసింది వైరే. నాకు ఈ పాఠం పుస్తకంలో దొరకలేదు. నా సొంత పాత జీపులో ఇదే తప్పు చేసి, ఒకనాడు డ్యాష్‌బోర్డు విప్పి చూస్తే, ఎర్రని వైరు పైతొడుగు మైనంలా మెత్తబడి పక్కనున్న రెండు వైర్లకు అతుక్కుని ఉంది. వేలితో నొక్కితే లోపలి రాగి తగిలింది. కాని అది రాగిరంగులో లేదు, నల్లబడి పెళుసుగా విరిగింది. మరో వారం అలాగే తిరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

నీరసంగా తిరగడానికీ కారణం ఇదే. బ్యాటరీనుంచి డిక్కీకి వైరు పొడవు సుమారు అయిదు మీటర్లు, రాకపోకలు కలిపి పది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు మీటరుకు 7.4 మిల్లీ ఓముల నిరోధం ఉంటుంది. 30 ఆంపియర్లు పోతే దారిలోనే 2.2 వోల్టులు ఖర్చయిపోతాయి. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు ఉన్నా మోటారుకు చేరేది పదకొండున్నర మాత్రమే. మిగిలినదంతా వైరులో వేడిగా మారుతుంది. అదే 10 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే నష్టం అర వోల్టు పైచిలుకుకు తగ్గుతుంది. వైరు కొనేటప్పుడు పైతొడుగు లావు చూసి మోసపోవద్దు. కొస కత్తిరించి లోపలి రాగిని చూడండి. రాగి పూత పూసిన అల్యూమినియం వైర్లు బజారులో ఉన్నాయి, గీరితే లోపల తెల్లగా కనబడుతుంది. వాటిని ఈ పనికి వాడకూడదు.

సరైన పద్ధతి ఇది. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ నుంచి నేరుగా లావు వైరు తీయాలి. 30 ఆంపియర్ల యంత్రానికి 40 ఆంపియర్ల ఫ్యూజు వేయాలి. అది బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. దూరంగా పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకూ నడుమనున్న వైరుకు రక్షణ లేనట్టే. మధ్యలో రిలే, అంటే చిన్న స్విచ్చి కరెంటుతో పెద్ద కరెంటును కలిపే పరికరం, ఉండాలి. రిలే అడుగున ఉండే అంకెల ప్రకారం 30కి ఫ్యూజు నుంచి వచ్చే వైరు, 87 నుంచి కంప్రెసర్‌కు పోయే వైరు, 85, 86లకు స్విచ్చి వైర్లు ఇవ్వాలి. ఆ స్విచ్చికి కరెంటు తాళంచెవి తిప్పితేనే వచ్చే చోటునుంచి తీసుకుంటే, పొరపాటున కంప్రెసర్‌ను నడుస్తూ వదిలేసి ఇంటికి పోయే ప్రమాదం ఉండదు. రిలే మీద కూడా దాని సామర్థ్యం రాసి ఉంటుంది. 40 ఆంపియర్లది తీసుకోండి, దానికి మించిన యంత్రమైతే పెద్ద రిలేనే వాడాలి. ఎర్త్ కోసం బాడీ మీద పెయింటు గీరి, లోహం మెరిసేదాకా శుభ్రం చేసి, లగ్గును, అంటే వైరు కొసకు తొడిగే లోహపు కొసను, బోల్టుతో బిగించాలి. కొత్త బండ్లలో నెగటివ్ టెర్మినల్ దగ్గరే కరెంటు కొలిచే సెన్సరు ఉంటుంది. ఎర్త్‌ను ఆ టెర్మినల్‌కు తగిలిస్తే కంప్రెసర్ వాడకం సెన్సరు లెక్కలోకి రాదు. లగ్గులను కటింగు ప్లయరుతో నలిపి వదిలేయకుండా, క్రింపింగు పనిముట్టుతో నొక్కించాలి. ఇంజను నడుస్తుండగానే కంప్రెసర్ వాడాలి.

చోటు విషయంలో నాకు స్థిరమైన అభిప్రాయం ఉంది. డిక్కీ కంటే ఇంజను గది మేలు, అక్కడ ఖాళీ ఉంటే. వైరు ఒక మీటరులో ముగుస్తుంది, చప్పుడు లోపలికి రాదు. అయితే ఎగ్జాస్ట్ గొట్టాలకూ టర్బోకూ దూరంగా, నీళ్లు చిమ్మే మట్టానికి పైన ఉండాలి. వేడి గాలి పీల్చుకుంటే దిగుబడి తగ్గుతుంది కాబట్టి, ఫిల్టరును ఒక చిన్న గొట్టం ద్వారా చల్లని, దుమ్ము తక్కువ ఉన్న మూలకు మార్చడం మంచిది. ఇంజను గదిలో చోటు లేనివారు డ్రైవరు సీటు కింద పెట్టించుకుంటారు. శుభ్రంగా ఉంటుంది, కాని ఆ చప్పుడుకు పక్కన కూర్చున్నవారి మాట వినబడదు. డిక్కీ మూడో స్థానమే.

బ్రాకెట్‌ను ఛాసిస్‌కు వెల్డింగు చేయించవద్దు, ఉన్న బోల్టు రంధ్రాలకు సరిపోయేలా చేయించండి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదంటుంది. విప్పి తీయగలిగిన పరికరానికీ, కోసి అతికిన మార్పుకూ చూసేవారి దృష్టిలో తేడా ఉంటుంది. బ్రాకెట్‌కూ కంప్రెసర్‌కూ నడుమ రబ్బరు బుష్‌లు వేయించండి. కంప్రెసర్‌నుంచి బయటికి వచ్చే మొదటి గొట్టం మాత్రం మామూలు ప్లాస్టిక్ గొట్టం కాకూడదు. అక్కడ గాలి ఎంత వేడిగా ఉంటుందో పైన చెప్పాను. స్టీలు అల్లిక ఉన్న టెఫ్లాన్ గొట్టం ఒక మీటరు వేసి, తరువాత మీకు నచ్చినది కలుపుకోండి. పని ముగిశాక మరచెంబులో సబ్బునీళ్లు కలిపి ప్రతి జాయింటు మీదా పోయించండి. బుడగ వచ్చిన చోట జాయింటు విప్పి, మర మీద టేపు మళ్లీ చుట్టి బిగించాలి. ఈ పరీక్ష చేయకుండా డబ్బు ఇవ్వవద్దు.

ప్రశ్న: మాకు మామిడికాయలు తోలే లారీ ఉంది. తోతాపురి సీజనులో తోటలనుంచి గుజ్జు ఫ్యాక్టరీలకు రాత్రింబవళ్లు తిరుగుతుంది. లారీకి ఎయిర్ బ్రేకులు ఉన్నాయి కనుక ఆ గాలినే టైర్లకూ వాడుకోవచ్చునా? దానికే ఒక పెద్ద హారన్ కూడా తగిలించాలని మా డ్రైవరు కోరిక.
— చిత్తూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీరు వేరే కంప్రెసర్ కొననక్కరలేదు, ఇంజనుతో తిరిగే కంప్రెసర్ మీ లారీలో ఇప్పటికే ఉంది. చాలా లారీలలో టైర్లకు గాలి పట్టుకోవడానికి ఒక నిపిల్ కంపెనీవారే ఇస్తారు, సాధారణంగా మొదటి ట్యాంకుకు ముందు, తేమను తీసే పరికరం దగ్గర ఉంటుంది. బండి పుస్తకంలో దాని చోటు చూసి, గొట్టం తగిలించి వాడుకోండి. అది లేకపోతే, గాలిని నాలుగు దారులుగా విడదీసి, ఒకదానిలో లీకైనా మిగతావాటిని కాపాడే నాలుగు సర్క్యూట్ల ప్రొటెక్షన్ వాల్వు దాటిన తరువాత బ్రేకులకు సంబంధం లేని అదనపు పరికరాలకు ఇచ్చే దారినుంచే తీసుకోవాలి. బ్రేకు ట్యాంకుకు ఎవరైనా కన్నం వేసి నిపిల్ బిగిస్తానంటే ఒప్పుకోవద్దు. ఆ గొట్టం ఒక రాత్రి మొగిలి ఘాటులో ఊడిపోతే ఏమవుతుందో డ్రైవరుకు నేను చెప్పనక్కరలేదు. గాలి పట్టడం అయ్యాక గేజి ముల్లు మళ్లీ మామూలు స్థానానికి వచ్చి, హెచ్చరిక బజరు ఆగేవరకు బండి కదలకూడదు.

ఒక జాగ్రత్త మరీ ముఖ్యం. ట్యూబు టైర్లకు వాడే లాక్ రింగు చక్రాలైతే, అంటే టైరును విడి ఇనుప రింగు పట్టి ఉంచే రకమైతే, గాలి నింపేటప్పుడు ఆ రింగు సరిగ్గా కూర్చోకపోతే ఎగిరి మనిషిని చంపగలదు. గాలి పూర్తిగా దిగిపోయిన చక్రాన్ని తోటలోనే నింపే ప్రయత్నం చేయకుండా, ఇనుప పంజరం ఉన్న టైర్ల షాపులోనే నింపించండి. కొద్దిగా తగ్గిన టైరుకు పట్టేటప్పుడు కూడా పొడవైన గొట్టానికి క్లిప్పు తగిలించి, చక్రానికి ఎదురుగా కాక పక్కకు నిలబడాలి.

హారన్ సంగతి: కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 119వ నియమం రాగాలు తీసే హారన్లనూ, చెవులు చిల్లులు పడే కీచు హారన్లనూ నిషేధించింది. డ్రైవరు కోరికను మన్నించవద్దు.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుడిని. నాది చిన్న కారు. ఏడాదికి నాలుగైదుసార్లు తిరుమల వెళ్తాను. ఘాటు ఎక్కేముందు టైర్లలో గాలి అయిదు పీఎస్‌ఐ తగ్గించాలని ఒకరు, పైన మళ్లీ పెంచుకోవడానికి కారులో కంప్రెసర్ బిగించుకోవాలని మరొకరు అంటున్నారు. నిజమేనా?
— శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకుడు

జవాబు: రెండూ అక్కరలేదు, మాస్టారూ. తిరుపతినుంచి తిరుమలకు ఎక్కేది సుమారు 700 మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో బయటి గాలి ఒత్తిడి తగ్గడంవల్ల గేజి మీద 1 పీఎస్‌ఐ ఎక్కువ చూపవచ్చు. కొండమీది చల్లదనం దానిలో చాలావరకు తగ్గించేస్తుంది. అసలు తేడా తెచ్చేది పరుగువల్ల పుట్టే వేడి. టైరు 20 డిగ్రీలు వేడెక్కితే 33 పీఎస్‌ఐ కాస్తా 36 అవుతుంది. కంపెనీవారు ఆ పెరుగుదలను లెక్కలో ఉంచుకొనే, చల్లని టైరుకు అంకె ఇస్తారు. శ్రీకాళహస్తినుంచి వచ్చి అలిపిరి దగ్గర వేడి టైరులో గాలి వదిలేస్తే, మరునాడు ఉదయానికి అది కావలసినదానికంటే తక్కువగా ఉంటుంది. గాలి తగ్గిన టైరు ఘాటు మలుపుల్లో ఇంకా ఎక్కువ నలిగి వేడెక్కుతుంది.

మీ చిన్న టైరు లోపలి చోటు 30 లీటర్ల ప్రాంతంలో ఉంటుంది. 28నుంచి 33కు పెంచడానికి పది లీటర్ల గాలి చాలు. లైటర్ సాకెట్‌కు తగిలించుకునే, 10 ఆంపియర్లకు మించని చిన్న యంత్రం ఆ పనిని నిమిషంలో ముగిస్తుంది. వైరింగూ వద్దు, మేస్త్రీ వద్దు. చార్జింగు పెట్టుకునే లిథియం బ్యాటరీ రకం కొంటే మాత్రం, దానిని ఎండలో నిలిపిన కారులో వదలకుండా ఇంట్లో పెట్టుకోండి. దానితోపాటు ఒక మంచి గేజి విడిగా కొనండి, ఎందుకంటే చిన్న యంత్రాలలో ఉండే గేజి రెండు మూడు పీఎస్‌ఐ అటూ ఇటూ చూపడం మామూలే. బయలుదేరే రోజు ఉదయం, కారు తీయకముందే, స్టెప్నీతో సహా అయిదు టైర్లూ చూసుకోండి.